నది చెక్కిన గండి

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతి దృశ్యాన్ని చూసి ఆనందించడం ఒక ఎత్తు. అది ఏ విధంగా ఏర్పడిందో తెలిసికొని చూడడం మరొక ఎత్తు. పెన్నానది ఎర్రమల కొండలను కోసి ఏర్పరచిన గండికోట లోయను గురించి ఈ పాఠం వివరిస్తుంది. హైదరాబాదు నగరపు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాల నుంచి ఆ లోయ వరకు సాగే ప్రయాణంలో ఎదురయ్యే శిలల స్వభావాన్ని, వాటిపై నీరు చేసే పనిని, వాటిని కాపాడుకోవలసిన అవసరాన్ని విద్యార్థులు గ్రహించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'గండి' అనే మాటకు రెండు వాడుకలున్నాయి. వానాకాలంలో చెరువుకట్ట తెగితే 'గండి పడింది' అంటారు. కొండల వరుసను చీల్చుకొని నది దారి చేసికొన్న చోటును కూడా 'గండి' అనే అంటారు. మొదటిది ఒక్క రాత్రిలో సంభవించే ప్రమాదం. రెండవది లక్షల సంవత్సరాలు సాగిన పని. రెండింటికీ కర్త నీరే. 'నీరు పల్లమెరుగు' అన్న లోకోక్తిలో ఈ రహస్యమంతా ఇమిడి ఉన్నది. పల్లాన్ని వెదకుతూ పోయే నీటికి రాయి అడ్డు వచ్చినంత మాత్రాన నీరు ఆగిపోదు. తగినంత కాలం లభిస్తే రాయే తొలగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని వై.ఎస్.ఆర్. కడప జిల్లా, జమ్మలమడుగు మండలంలో ఉన్న గండికోటకు ఆ పేరు ఈ రెండవ రకపు గండి వల్లనే వచ్చింది. పెన్నానది ఎర్రమల కొండలను కోసికొని పారే లోయ అంచున నిలిచిన కోట అది. అక్కడికి ఏటా వేలాది మంది యాత్రికులు వెళతారు. వారిలో చాలామంది లోయను చూసి, ఛాయాచిత్రాలు తీసికొని తిరిగి వస్తారు. ఆ లోయ అక్కడ ఎందుకు ఉన్నది అని ప్రశ్నించేవారు కొద్దిమందే. ఆ ప్రశ్నకు సమాధానం వెదకేవారు ప్రయాణాన్ని తమ ఇంటి ముంగిట నుంచే ఆరంభించవచ్చు. హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు అందుకు ఎంతో అనువైనవి.

నాగోలు నుంచి అమీర్‌పేట వైపు 2017లో మెట్రో రైలు నడవడం మొదలైంది. ఆ దారిలో ఉప్పల్, స్టేడియం స్టేషన్లు దాటగానే ఎన్.జి.ఆర్.ఐ. అనే స్టేషను వస్తుంది. ప్రతిదినం ఆ పేరు వినే విద్యార్థులు వేలమంది ఉంటారు. అది 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు. ఆ సంస్థ ఆవరణలో 2022 జనవరిలో ఆరుబయలు శిలా ప్రదర్శనశాల ప్రారంభమైంది. దేశంలోని వివిధ ప్రాంతాల నుంచి తెచ్చిన సుమారు 35 రకాల శిలలు అందులో ఉన్నాయి. వాటిలో అతి ప్రాచీనమైన శిల వయస్సు దాదాపు 330 కోట్ల సంవత్సరాలు. చిన్నదాని వయస్సు దాదాపు 5.5 కోట్ల సంవత్సరాలు. చూడడానికి అన్నీ రాళ్లే. తెలిసినవారికి మాత్రం ఒక్కొక్క రాయి ఒక్కొక్క యుగపు చరిత్ర.

హైదరాబాదు నగరం నిలిచిన నేల కూడా సామాన్యమైనది కాదు. ఇక్కడి గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నాచారానికి ఉత్తరాన కనిపించే మౌలాలీ గుట్ట ఆ శిలకు చక్కని ఉదాహరణ. నున్నగా, గుండ్రంగా లేచి నిలిచిన ఆ ఏకశిల మీద కుతుబ్‌షాహీల కాలం నాటి దర్గా ఉన్నది. గుట్టపైకి మెట్లెక్కే భక్తుల పాదాల కింద ఉన్నది దక్షిణాపథపు అతి పురాతనమైన శిలలలో ఒకటి.

భూమి లోతుల్లో కరిగి ఉన్న శిలాద్రవం మెల్లగా చల్లబడి గట్టిపడగా గ్రానైటు ఏర్పడింది. దానిపైనున్న పొరలు కాలక్రమాన కొట్టుకొనిపోయాయి. పైబరువు తగ్గడంతో రాయిలో నిలువుగాను అడ్డంగాను పగుళ్లు ఏర్పడ్డాయి. వాననీరు ఆ పగుళ్లలోకి ఇంకి, రాయిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని కొద్దికొద్దిగా మట్టిగా మార్చింది. పలకగా ఉన్న దిమ్మెకు అంచుల వద్ద రెండు వైపుల నుంచి, మూలల వద్ద మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది. అందువల్ల మూలలే ముందుగా అరిగిపోయి దిమ్మె కాస్తా గుండుగా మారుతుంది. చుట్టూ చేరిన మట్టిని వానలు కడిగివేసిన తరువాత గుండు మీద గుండు నిలిచి, ఎవరో పేర్చి పెట్టినట్లు కనిపిస్తుంది. నగరానికి పడమట, హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పుట్టగొడుగు ఆకారపు శిల ఇలాంటిదే. ఇక్కడ నీరు రాతిని కోయలేదు, కుళ్లబెట్టింది. నీరు చేసే మూడు పనులలో ఇది మొదటిది.

రెండవ పనిని చూడడానికి దక్షిణంగా ప్రయాణించాలి. ఉప్పల్ నుంచి గండికోటకు దూరం 350 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద బీచుపల్లి వద్ద కృష్ణానదిని, కర్నూలు వద్ద తుంగభద్రను దాటాలి. దారికి ఇరువైపులా చాలా దూరం గ్రానైటు గుట్టలే కనిపిస్తాయి. కర్నూలు దాటి బనగానపల్లె వైపు తిరిగిన తరువాత నేల స్వభావం మారుతుంది. గుండ్రాళ్లు అదృశ్యమై, పుస్తకంలోని పుటల వలె పొరలు పొరలుగా ఉన్న రాళ్లు ప్రత్యక్షమవుతాయి. ఇళ్ల ముందర, పొలాల గట్ల మీద, రోడ్ల పక్కన నాపరాళ్లు దొంతరలుగా పేర్చి ఉంటాయి. బేతంచర్ల బండ, కడప బండ అనే పేర్లతో ఇవి తెలుగునాట ఇంటింటికీ చేరాయి. నాచారంలోని ఒక సామాన్య కుటుంబం వంటగదిలో గట్టు మీద పరచిన నల్లని కడప బండ కూడా ఈ సీమ నుంచి వచ్చినదే.

ఈ పొరలకు కారణం ఉన్నది. గ్రానైటు ఏర్పడిన ఎంతో కాలానికి, నేటి కడప, కర్నూలు ప్రాంతాలలో నేల కుంగి లోతు తక్కువ గల సముద్రం వ్యాపించింది. కోట్ల సంవత్సరాల పాటు ఆ సముద్రంలో ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకొన్నాయి. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ ప్రాంతాన్ని భూవిజ్ఞానులు కడప హరివాణం అంటారు. సున్నం పేరుకొన్న చోట సున్నపురాయి ఏర్పడింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొన్న వాననీటికి స్వల్పమైన ఆమ్లగుణం వస్తుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించగలదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఆ విధంగా ఏర్పడినవే. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలలో నేటికీ పర్యాటకులు ఒకనాటి నీటిదారులలోనే నడుస్తారు. గ్రానైటును కుళ్లబెట్టిన నీరు సున్నపురాయిని కరిగించింది. ఇది రెండవ పని.

బెలుం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట చేరినవారికి మూడవ పని కనిపిస్తుంది. ఊరు దాటి, శిథిలమైన కోట గోడల నడుమ నుంచి కొంత దూరం నడిచిన తరువాత నేల హఠాత్తుగా ముగుస్తుంది. కాళ్ల ముందు నిట్టనిలువుగా దిగిపోయే ఎర్రని శిలాకుడ్యం; అడుగున పెన్నానది; ఆవలి ఒడ్డున మళ్లీ అంతే ఎత్తున మరొక శిలాకుడ్యం. రెండు గోడలలోనూ పొరల వరుస ఒకే తీరుగా కనిపిస్తుంది. ఆ రెండు గోడలు ఒకప్పుడు ఒకే కొండ అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. నడుమనున్న భాగమంతా నది తీసికొనిపోయినదే.

ఈ శిల గ్రానైటు కాదు, సున్నపురాయీ కాదు. సముద్రపు ఒడ్డున చేరిన ఇసుక బిగిసి, రేణువుల మధ్య సిలికా గట్టిపడగా ఏర్పడిన క్వార్ట్‌జైటు ఇది. వయస్సు వందకోట్ల సంవత్సరాలకు పైమాటే. ఈ శిలా సముదాయానికి భూవిజ్ఞానులు 'గండికోట క్వార్ట్‌జైటు' అని ఈ ఊరి పేరే పెట్టారు. ఇందులోని ఇనుము గాలితోను నీటితోను కలిసి తుప్పుపట్టడం వల్ల రాతికి ఎరుపు రంగు వచ్చింది. ఈ శిల నీటిలో కరగదు; గ్రానైటు వలె తొందరగా మట్టిగా మారదు. ఇంతటి కఠినశిలను నది ఏ విధంగా కోయగలిగింది?

ఒట్టి నీరు రాతిని కోయలేదు. వరదకాలంలో నది తనతో ఇసుకను, గులకరాళ్లను, బండలను కూడా ఈడ్చుకొని వస్తుంది. అవే దాని ఉలులు. అడుగున దొర్లే రాళ్లు నదీగర్భాన్ని గీకుతాయి; సుడిలో చిక్కినవి ఒకేచోట తిరుగుతూ గుండ్రని గుంటలు తొలుస్తాయి. క్వార్ట్‌జైటులో కూడా నిలువు పగుళ్లు, అడ్డు పొరలు ఉన్నాయి. ఉరవడిగా వచ్చిన నీరు ఆ పగుళ్లలో చొరబడి దిమ్మెలను కదలిస్తుంది. అడుగు భాగం అరిగినకొద్దీ పైభాగం ఆధారం కోల్పోయి పగుళ్ల వెంబడి ఊడి పడుతుంది. పడిన దానిని మరుసటి వరద ముక్కలు చేసి తరలిస్తుంది. రాతిగోడలు గట్టివి కావడం వల్ల, ఈ సీమలో వర్షపాతం తక్కువ కావడం వల్ల గోడలు వాలుగా జారిపోకుండా నిటారుగా నిలిచాయి. అందుకే లోయ వెడల్పు కంటె లోతు ఎక్కువగా ఆకట్టుకొంటుంది. గోడల మీద పలకలు పలకలుగా పేర్చినట్లు కనిపించే దిమ్మెలు రేపు పడబోయే రాళ్లు. నది పని ఇంకా ముగియలేదు.

కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలిసే పెన్న జీవనది కాదు. సంవత్సరంలో చాలా కాలం ఇసుక మేటలతో సన్నని పాయగా ఉంటుంది. గొప్ప పని చేయడానికి నిరంతరం గొప్ప బలం అవసరం లేదని ఈ నది నిరూపించింది. కొద్దిపాటి వరదలే లక్షలసార్లు వచ్చాయి, కొండ తెగింది.

నది చెక్కిన ఈ గండి చరిత్రకు కూడా ఆశ్రయమిచ్చింది. లోయ ఒక వైపు సహజమైన అగడ్తగా నిలవడం వల్ల ఇక్కడ కోట కట్టడం సులభమైంది. కొండ మీది రాతినే కోసి గోడలు కట్టారు. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఈ కోటను పాలించారు. పదిహేడో శతాబ్దం మధ్యకాలంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకొన్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చి ఆయనను కలిసికొన్నాడు. మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం నేటికీ పక్కపక్కనే కనిపిస్తాయి. కోటను గెలిచినవారు, ఓడినవారు అందరూ వెళ్లిపోయారు. కోటకు రక్షణగా నిలిచిన లోయ మాత్రం మిగిలింది.

గండికోట లోయను అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చడం వాడుకలోకి వచ్చింది. పరిమాణంలో ఈ రెండింటికీ పోలిక లేదు. అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది చెక్కిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1.8 కిలోమీటర్లకు మించి ఉన్నది. కొలరాడో నది దానిని 50, 60 లక్షల సంవత్సరాలుగా కోస్తున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. అయితే పోల్చవలసిన విషయం వేరొకటి ఉన్నది. ఆ లోయను 1919లో జాతీయోద్యానంగా ప్రకటించారు. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నది, శిల కలిసి రచించిన గ్రంథాన్ని మనుషులు చెరపరాదన్న భావన అక్కడ చట్టమైంది. తెలుగునాట కూడా ఆ దిశగా కొంత ప్రయత్నం సాగుతున్నది. తిరుమల కొండలను, వాగులు కోసిన ఇసుక గుట్టలతో నిండిన విశాఖపట్నం తీరంలోని ఎర్రమట్టి దిబ్బలను 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. తిరుమలలోని సహజ శిలాతోరణం జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు పొందినది.

ఈ విషయం ఉప్పల్, నాచారం విద్యార్థులకు దూరపు ముచ్చట కాదు. లక్షల ఏళ్లలో గుండ్రనైన శిల ఒక్క పూటలో కంకరగా మారగలదు. హైదరాబాదులో ఎన్నో గుట్టలు ఆ విధంగానే అంతరించాయి. ఈ నష్టాన్ని గుర్తించినవారు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థను స్థాపించారు. ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా రాయి కావలసిందే. రాళ్లు కొట్టి జీవించే శ్రమజీవుల నేర్పు గౌరవించదగినదే. కాబట్టి ఏ రాయినీ ముట్టరాదనడం సమంజసం కాదు. ఏ రాయిని కొట్టవచ్చునో, ఏ రాయిని విడిచిపెట్టాలో తెలిసికొనడమే వివేకం. కొట్టిన రాతికి బదులు వేరొక రాయి దొరకవచ్చు. ప్రకృతి ఇచ్చిన ఆ ఆకారం మాత్రం మళ్లీ దొరకదు.

ఉప్పల్‌కు దక్షిణంగా పారే మూసీనది కూడా పెన్న వంటి నదియే. అనంతగిరి కొండలలో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఈ నదిని నగరం మురుగుకాలువగా భావించడం అలవాటు చేసికొన్నది. నది ఉరవడి ఎంతటిదో 1908 సెప్టెంబరు 28న ఈ నగరం చవిచూసింది. ఆనాటి వరదలో వేలాది ప్రాణాలు పోయాయి. ఆ తరువాతనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు సిద్ధమయ్యాయి. కొండను కోయగల నీటికి గోడలు లెక్క కాదు. నది దారిని ఆక్రమించినవారు దాని ఓర్పును చూసి బలహీనత అనుకోరాదు.

గండికోట అంచున నిలిచినవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఆ అంచు ప్రమాదకరమైనది. పగుళ్లిచ్చిన దిమ్మెల చివరకు పోయి నిలబడడం సాహసం కాదు, అవివేకం. రెండవది, వందకోట్ల ఏళ్ల శిల మీద ఒక నిమిషంలో చెక్కిన పేరు చెక్కినవారి గొప్పతనాన్ని కాక, వారి అజ్ఞానాన్నే చాటుతుంది. ఆ శిలపై వ్రాసే హక్కు నదికి ఉన్నది. చదివే హక్కు మనుషులందరికీ ఉన్నది. రాబోయే తరాలవారు కూడా చదువుకొనేటట్లు దానిని అప్పగించడం ఈ తరం బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

లోకోక్తి = లోకంలో వాడుకలో ఉన్న మాట, సామెత
శిలాద్రవం = భూగర్భంలో కరిగి ఉన్న రాయి
దిమ్మె = పెద్ద రాతి తుండు
దొంతర = ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస
హరివాణం = పళ్లెం; ఇక్కడ, కుంగిన విశాల భూభాగం
శిలాకుడ్యం = రాతిగోడ
ఉలి = రాతిని చెక్కే పనిముట్టు
ఉరవడి = వేగం, ఉద్ధృతి
అగడ్త = కోట చుట్టూ ఉండే కందకం
సమంజసం = తగినది

వ్యాకరణాంశాలు

సంధులు
లోకోక్తి = లోక + ఉక్తి – గుణసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘసంధి
జాతీయోద్యానం = జాతీయ + ఉద్యానం – గుణసంధి
ధాన్యాగారం = ధాన్య + అగారం – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు
కఠినశిల = కఠినమైన శిల – విశేషణ పూర్వపద కర్మధారయం
నదీగర్భం = నది యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష
రాతిగోడ = రాతితో కట్టిన గోడ – తృతీయా తత్పురుష
పెన్నానది = పెన్న అనే పేరుగల నది – సంభావనా పూర్వపద కర్మధారయం

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నీరు శిలలపై చేసే మూడు రకాల పనులను పాఠం ఆధారంగా వివరించండి.
2. గండికోట లోయ ఏర్పడిన విధానాన్ని వ్రాయండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు గ్రానైటు శిలలు గుండ్రంగా మారడానికి కారణమేమి?
2. గండికోట లోయ కోటకు ఏ విధంగా రక్షణ కల్పించింది?
3. శిలలను కాపాడే విషయంలో పాఠం సూచించిన వివేకం ఏది? మీ అభిప్రాయం చేర్చి వ్రాయండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'గండి' అనే మాటకు గల రెండు వాడుకలు ఏవి?
2. ఆరుబయలు శిలా ప్రదర్శనశాల ఎక్కడ ఉన్నది?
3. బెలుం గుహలు ఏ రకపు శిలలో ఏర్పడ్డాయి?
4. పెన్నానది పొడవు ఎంత?

ఈ. ప్రాజెక్టు పని
మీ కళాశాలకు సమీపంలోని ఒక గుట్టను గాని, చెరువును గాని, వాగును గాని సందర్శించండి. దాని స్థానిక నామం, శిల స్వభావం, పెద్దలు చెప్పిన పాత రూపం, నేటి స్థితి తెలిసికొని రెండు పుటల నివేదిక వ్రాయండి.